మీ ఆయనకో క్యాట్‌ఫిష్ కొనిపెట్టండి

నా మాట వినండి. ప్రతి ఇల్లాలూ వాళ్ళాయనకు ఒక గాజుతొట్టీ, అందులోకి అరడజను క్యాట్‌ఫిష్‌లూ కొనిపెట్టాలి. బంగారం తర్వాత అడగొచ్చు. తిరపతి ప్రయాణం తర్వాత పెట్టుకోవచ్చు. ముందు క్యాట్‌ఫిష్!

నవ్వుతున్నారా? నవ్వండి. మా ఇంట్లో తొట్టి దిగిన రోజు నేనూ నవ్వాను. ఏడు నెలలయింది. అంత గొప్ప ఉపకారాన్ని నవ్వులాటగా తీసుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

మాది అల్లూరు. మా ఇంటి ముందు వైపు వరి మళ్ళు, వెనక వైపు రొయ్యల గుంటలు. మా ఆయన పెంచలకృష్ణ గారు రొయ్యల ల్యాబ్‌లో పని చేస్తారు. ఆయన పనేమిటంటే నీళ్ళు చూడటం. పొద్దున్నే రైతులు తమ గుంటల్లో నీళ్ళు పాత కూల్‌డ్రింక్ సీసాల్లో పట్టుకొని, సీసా మీద ప్లాస్టర్ ముక్క అంటించి, దాని మీద పేరూ గుంట నంబరూ రాసి తెచ్చి ఇస్తారు. ఆయన వాటిని పరీక్ష చేసి, సాయంత్రానికి ఏ గుంట నీళ్ళు మంచివో, ఏవి చెడ్డవో, ఏం చెయ్యాలో రిపోర్టు రాసిస్తారు. ఊళ్ళో ఆయన్ను నీళ్ళ డాక్టరు అంటారు. గొప్ప హస్తవాసి అని పేరు.

పొద్దస్తమానం నీళ్ళు చూసి వచ్చిన మనిషి, ఇంట్లో కూడా కూర్చొని నీళ్ళే చూస్తానంటారని ఎవరనుకుంటారు?

ఆ రోజు ఆయన మా అత్తయ్యకు కళ్ళజోడు తేవడానికి నెల్లూరు వెళ్ళారు. సాయంత్రం ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోంచి నాలుగడుగుల గాజుతొట్టి దిగింది. తర్వాత ఇసుక సంచులు, మోటారు, లైటు, చెట్టు మొద్దు ఒకటి, చివర్న నీళ్ళు నింపిన ప్లాస్టిక్ కవర్లలో చేపలు. కళ్ళజోడు మాత్రం దిగలేదు.

"ఒరే పెంచలా," అంది మా అత్తయ్య ఆదిశేషమ్మ గారు, కవరును వెలుతురుకు ఎత్తి చూసి. "చేపను ఇంటికి తెచ్చి కొయ్యకుండా, దాని మొహం చూస్తా కూర్చునేవాణ్ణి ఇప్పుడే చూస్తుండా రా!"

"ఇది తినే చేప కాదమ్మా. క్యాట్‌ఫిష్."

"మీసాలుండయ్యే! జెల్ల కాదంట్రా?"

"జెల్ల కాదు. కోరీ. దక్షిణ అమెరికాది."

"యాడిదైతే ఏందిరా. మీసాలుండాయా, జెల్లే!"

కళ్ళజోడు లేకుండానే ఆమెకు అంత కనిపించింది. మా ఆయనకు ఉన్నా కనిపించలేదు. ప్రేమంటే అదే కదా!

గోల్డ్‌ఫిష్ తెచ్చుకోవచ్చుగా అని మీరడగొచ్చు. నేనూ అడిగాను. గోల్డ్‌ఫిష్‌కు పర్సనాలిటీ ఉండదట. అందరికీ కనబడాలని అటూ ఇటూ తిరుగుతుందట. క్యాట్‌ఫిష్ అలా కాదు, గంభీరంగా ఉంటుందట. అడుగున ఒక మూల కూర్చొని, మీసాలు కదుపుతూ, ఎవరేం అడిగినా జవాబు చెప్పకుండా, పెట్టింది తిని ఊరుకుంటుందట. ఆ గుణాలు వినగానే ఆయనకు ఆ చేప మీద అంత మమకారం ఎందుకు పుట్టిందో నాకు అర్థమయింది. మనిషికి తనలాంటి వాళ్ళ తోడు కావాలి.

ఇక లాభాలు చెబుతాను, వినండి.

మొదటిది మాట. పద్దెనిమిదేళ్ళుగా నేనేం చెప్పినా మా ఆయన "ఊఁ" అనేవారు. కరెంటు బిల్లు వచ్చిందన్నా ఊఁ, మా తమ్ముడికి కొడుకు పుట్టాడన్నా ఊఁ. అలాంటి మనిషికి ఇప్పుడు మాటలొచ్చాయి! ల్యాబ్ నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా తొట్టి ముందు వంగి, "ఏం నాయనా, డల్‌గా ఉండావే? పొద్దున తిన్నావా? కడుపులో బాగలేదా?" అంటారు. మొదటిసారి ఆ మాటలు విని నేను వంటింట్లోంచి "తిన్నానండీ!" అని జవాబిచ్చాను. ఆ సంగతి ఎవరికీ చెప్పకండి.

రెండోది అతిథి మర్యాద. క్యాట్‌ఫిష్ పగలు బయటికి రాదు. మొద్దు కింద దాక్కుంటుంది. మా ఆడబిడ్డా, వాళ్ళాయనా బిట్రగుంట నుంచి చేపల్ని చూడటానికే వచ్చారు. తొట్టిలో నీళ్ళున్నాయి, ఇసుకుంది, మొద్దుంది.

"చేపలేవి బావా?" అని అడిగాడాయన.

"ఉండాయి. దాక్కోనుండాయి. కదలబాకండి, శబ్దం చెయ్యబాకండి."

రైల్వేలో ఎక్స్‌ప్రెస్ బండ్లకు జెండా ఊపే మనిషి ముప్పావుగంట కదలకుండా కూర్చున్నాడు. చివరికి ఒక తోక కనిపించింది. అందరం చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాం. నేను కాఫీలు ఇవ్వలేదు, పలహారం పెట్టలేదు. చెంచా గిన్నెకు తగిలితే చేప భయపడుతుంది కదా! ఇంత సులువుగా అతిథుల్ని సాగనంపే ఉపాయం ఇంకేదైనా ఉందా?

మూడోది జీవకారుణ్యం. ఆయన ఇప్పటికీ చేపల పులుసు తింటారు. నెల్లూరు మనిషి, మామిడికాయ వేసిన పులుసు మానేస్తారా? కాకపోతే తొట్టికి వీపు పెట్టి కూర్చుంటారు. ముల్లు కూడా చప్పుడు చెయ్యకుండా తీసి పక్కన పెడతారు. వాటికి బాధ కలుగుతుందట.

ఆ తొట్టిలో అన్నిటికంటే పెద్దది ఒకటుంది. నల్లగా, వెండిలా మెరుస్తూ, రెక్క పైకి లేచి. "దీన్ని షార్క్ అంటారు. ఇరిడిసెంట్ షార్క్," అని ఆయన వీధంతా చెప్పారు. మా వీధిలో షార్క్ ఉన్న ఇల్లు మాదొక్కటే!

మాకు చేపలు తెచ్చే గంగాభవాని సముద్రం ఒడ్డు పల్లె మనిషి. ఒక రోజు తట్ట వాకిట్లో దించి, మంచినీళ్ళు తాగుతూ తలుపులోంచి తొంగి చూసింది.

"అక్కా, ఆ నల్లది ఏంది?"

"షార్క్ భవానీ. సొరచేప."

గంగాభవాని గ్లాసు కింద పెట్టింది. "సొర మాకు తెలీదా అక్కా? మాకాడ బాలింతలకు వండి పెట్టేది అదే గదా." లోపలికొచ్చి, తొట్టి దగ్గర వంగి చూసింది. "ఇది పంగస్! మన గుంటల్లో పెంచేదే. కావలి రోడ్డులో బండి మీద పెట్టి ముక్కలు కొట్టి ఇస్తుండారే, అది! సారుకు ఎవురు అంటగట్టినారక్కా దీన్ని?"

సారు అక్కడే ఉన్నారు. "అది వేరే, ఇది వేరే," అన్నారు.

"ఏం వేరే సార్?"

"ఇది అక్వేరియంలో ఉండాది."

గంగాభవాని నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. చుట్టూ వెయ్యి ఎకరాల్లో పెరిగే చేపను నెల్లూరు దాకా పోయి, ఆటో ఎక్కించి, సొరచేప పేరు పెట్టుకొని తెచ్చుకునే భాగ్యం నీళ్ళ డాక్టర్లకు తప్ప ఎవరికి దొరుకుతుంది?

ఇప్పుడు అసలు లాభం దగ్గరికి వస్తున్నాను. అది నీళ్ళు.

మా వీధి వెనక కూడా వరి ఉన్నన్నాళ్ళు మా బోరు నీళ్ళు బాగానే ఉండేవి. గుంటలొచ్చాక ఏటికేడూ ఉప్పగా మారాయి. తాగడానికి వారానికి రెండు క్యాన్లు తెప్పిస్తాం. మిగతా అన్నిటికీ, అంటే వంటక్కూడా, బోరు నీళ్ళే. ఆ నీళ్ళతో టీ పెడితే పాలు విరుగుతాయి. అన్నం పసుపు పచ్చగా దిగుతుంది. కందిపప్పు కుక్కర్లో తొమ్మిది కూతలు కూసినా పలుకుగానే ఉంటుంది. గిన్నెలు తోమి బోర్లిస్తే తెల్లటి పొర కడుతుంది. మా అత్తయ్యకు కిందటేడు కడుపులో రాయి వచ్చింది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ఏం నీళ్ళు వాడుతున్నారమ్మా అని.

వంటకూ క్యాన్ నీళ్ళే తెప్పిద్దామని నాలుగేళ్ళుగా అడుగుతున్నాను. నా డిగ్రీలోనూ కెమిస్ట్రీ ఉంది. సబ్బు నురగ రాకపోతే నీళ్ళలో ఏముందో నాకు తెలుసు. కానీ ఆ సర్టిఫికెట్టు బీరువాలో ఉంది, నీళ్ళు వంటింట్లో ఉన్నాయి, రెండింటికీ సంబంధం ఎవరు చూస్తారు?

"బోరు నీళ్ళకేం ఉషా, దివ్యంగా ఉండాయి," అనేవారు ఆయన. "మా నాయన ఈ నీళ్ళు తాగే ఎనభయ్యేళ్ళు బతికినాడు."

మామయ్య గారు తాగింది వరి ఉన్నప్పటి నీళ్ళు. అయినా పోనివ్వండి.

తొట్టి దిగిన సాయంత్రం నేను బకెట్టుతో బోరు నీళ్ళు తెచ్చి పోయబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి అరిచారు. పద్దెనిమిదేళ్ళలో ఆయన అరవడం నేను విన్నది అదొక్కసారే!

"ఆ నీళ్ళా! కోరీలు ఏమైపోవాల? వాటికి పొలుసుండదు ఉషా. ఏ నీళ్ళలో ఉంటే ఆ నీళ్ళు ఒంట్లోకి పోతాయి."

ఆ రాత్రికే మంచినీళ్ళ క్యాన్లు దిగాయి. తొట్టి నింపడానికి ఒక ఆటో నిండా. తర్వాత వారానికోసారి మూడో వంతు నీళ్ళు మార్చాలి కాబట్టి, వారం వారం అయిదు. ఏ వారమైనా క్యాన్ల బండి రాకపోతే, మేము తాగే రెండింటిలోంచి ఒకటి తొట్టిలోకి పోతుంది. పాపం, మాకైతే నోరుంది కాబట్టి పక్కింట్లో అడిగి తెచ్చుకుంటాం. వాటికి నోరుందా?

ఆయన ఒక నోటుపుస్తకం పెట్టారు. ప్రతి ఆదివారం తొట్టి నీళ్ళు పరీక్ష చేసి ఉప్పెంత, గట్టిదనమెంత, అమోనియా ఎంత అని ఎర్రసిరాతో రాస్తారు. పాత నీళ్ళు కనకాంబరం మొక్కలకు పోస్తారు.

ఒక ఆదివారం మా అత్తయ్య పళ్ళ కింద పప్పు బద్ద పటుక్కుమంది. ఆమె దాన్ని తీసి కంచం అంచున పెట్టింది.

"ఏమ్మే ఉషా," అంది. "ఆ చేపలు మునిగి లేచిన నీళ్ళన్నా మనకిమ్మని అడుగు. చెట్లకెందుకు? పప్పన్నా ఉడుకుద్ది."

ఆయన "ఊఁ" అన్నారు. తొట్టి వైపు చూస్తూ.

చూశారా క్యాట్‌ఫిష్ మహిమ? ఆ "ఊఁ" వినబట్టే కదా నా బుర్రకు పదునొచ్చింది!

మా వెనక గుంటల రైతు చెంచురామయ్యన్న. వారానికోసారి తన నాలుగు గుంటల నీళ్ళు సీసాల్లో పట్టి ల్యాబ్‌కు తీసుకుపోతాడు. సోమవారం పొద్దున మా దొడ్డి గోడ అవతల బండి స్టార్టు చేస్తుంటే పిలిచాను. కూల్‌డ్రింక్ సీసా కడిగి, వంటింటి కుళాయి కింద నింపి, ప్లాస్టర్ ముక్క అంటించి పెట్టుకొనే ఉన్నాను. దాని మీద నా చేత్తోనే రాశాను: చెంచురామయ్య, 5వ గుంట.

"నాకుండేది నాలుగే కదమ్మా," అన్నాడు.

"ఈ ఒక్క రోజుకు అయిదనుకో అన్నా. ఎక్కడివని మాత్రం చెప్పొద్దు."

ఆయన సీసా ఎత్తి చూశాడు. మా వంటింటి వైపు చూశాడు. మరో మాట అడక్కుండా సంచిలో పెట్టుకున్నాడు. వాళ్ళింట్లోనూ కుక్కరుంది.

సాయంత్రం రిపోర్టు గోడ మీదుగా అందించాడు. "నా నాలుగూ పాసయినాయమ్మా," అన్నాడు. "నీదే తప్పింది. సారు నన్ను తిట్టని తిట్టు లేదు."

తిట్లు మిగిలినవి ఇంటికొచ్చాయి. రాత్రి అన్నానికి కూర్చుంటూనే మొదలుపెట్టారు.

"ఎట్టాంటి మనుషులుంటారో! ఆ చెంచురామయ్య అయిదో గుంట తవ్వినాడంట. ఆ నీళ్ళు చూడాల నువ్వు. ఉప్పు, సున్నం, అమోనియా, నైట్రైటు, ఏది లేదని చెప్పేది! ఆ నీళ్ళలో రొయ్యను పెంచుతాడంట. రొయ్యది మాత్రం ప్రాణం కాదా?"

అన్ని మాటలు ఒక్కసారే నాతో! నేను మురిసిపోయాను.

"మన కోరీలైతే బతుకుతాయాండీ ఆ నీళ్ళలో?"

"కోరీలా? ఒక పూట బతకవు."

"షార్కు?"

"పంగస్ ఎందులోనైనా..." అని నాలిక్కరుచుకొని, "షార్క్ కూడా కష్టమే," అన్నారు.

"మనుషులో?"

"మనుషులెవరు వాడతారు ఉషా, తెలిసి తెలిసి!"

మా అత్తయ్య అన్నం కలపడం ఆపింది. నేను ఆయన కంచంలో పప్పు వడ్డించాను. ఎత్తు నుంచి వేశాను, బద్దలు స్టీలు కంచం మీద గలగల్లాడాయి. కంచం పక్కన రిపోర్టు పెట్టాను.

ఆయన చేతిరాతే. సంతకం కూడా ఆయనదే. అడుగున, సలహా అని ఉన్న చోట, రెండు గీతలు గీసి మరీ రాశారు: "ఈ నీరు ఏ జీవానికీ పనికిరాదు. వెంటనే మార్చవలెను. నిర్లక్ష్యం చేయరాదు."

"ఇది నీకాడికెట్టా వచ్చింది?"

"అయిదో గుంట మన వంటింట్లో ఉందండీ. కుళాయి తిప్పితే వస్తుంది."

ఆయన కాగితం వైపు చూశారు. పప్పు వైపు చూశారు. వాళ్ళమ్మ వైపు చూడలేకపోయారు. ఇప్పుడు ఒప్పుకుంటారు అనుకున్నాను. నాలుగేళ్ళ మాట, సొంత చేతిరాత, ఇంకా ఏం మిగిలింది?

మగవాళ్ళ సంగతి నాకు తెలుసనుకున్నాను గానీ, నీళ్ళ డాక్టర్ల సంగతి పూర్తిగా తెలియదు.

"శాంపిల్ సరిగ్గా తీసుండవు," అన్నారు. "సీసా శుభ్రంగా కడిగినావా?"

"కడిగాను. ఆ నీళ్ళతోనే."

మా అత్తయ్యకు పొలమారింది. నవ్వి నవ్వి పొలమారింది. నేను మంచినీళ్ళ కోసం లేచాను. క్యాన్ ఖాళీ. ఆదివారం క్యాన్ల బండి రాలేదు, ఉన్నది తొట్టిలోకి పోయింది. ఆయన ఖాళీ క్యాన్ చూశారు, దగ్గుతున్న వాళ్ళమ్మను చూశారు. చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి, చెంబు తీసుకొని, వీధిలోకి పోయారు. పక్కింటి తలుపు తట్టి మంచినీళ్ళు అడగడం ఆయనకు అదే మొదటిసారి. ఏమని అడిగారో తెలియదు. చాలాసేపు పట్టింది.

మంగళవారం పొద్దున క్యాన్ల బండి ఆగితే, ఆయనే ఎదురెళ్ళి దింపించుకున్నారు. అయిదు తొట్టి పక్కన పెట్టించారు. ఇంకో అయిదు వంటింట్లోకి మోసుకొచ్చి, నా వైపు చూడకుండా వరసగా పేర్చారు. మధ్యాహ్నం పప్పు మూడు కూతలకే మెత్తగా ఉడికింది. మా అత్తయ్య రెండుసార్లు వడ్డించుకుంది. అన్నట్టు, ఆమెకు కళ్ళజోడు కూడా వచ్చింది. పెట్టుకొని మొదట తొట్టి దగ్గరికే వెళ్ళింది. "నేనప్పుడే చెప్పలా, జెల్లని!" అంది.

కాబట్టి సోదరీమణులారా, ఆలస్యం చెయ్యకండి! మీరెన్నేళ్ళు చెప్పినా మీ ఆయనకు మీ ఇంటి నీళ్ళు చెడ్డవని తోచకపోవచ్చు. చేప వచ్చిన సాయంత్రమే తోస్తుంది. అక్కడి నుంచి మనుషుల దాకా రావడానికి మాకు ఏడు నెలలే పట్టింది.

మొన్న ఆదివారం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆ నోటుపుస్తకం తెరిచి చూశాను. పేజీలో ఎప్పుడూ ఒకే గడి ఉండేది, తొట్టి అని. ఇప్పుడు స్కేలు పెట్టి కొత్తగా గీతలు గీశారు. మొదటి గడి తొట్టి. రెండో గడి మొక్కలు. మూడో గడిలో, ఎర్రసిరాతోనే, వంటిల్లు అని ఉంది.

మూడోదైతేనేం? పుస్తకంలోకి ఎక్కాం కదా!